తుప్పు ముద్రలు

నేను పనిచేసే చోట తుప్పును ఆపడమే నా ఉద్యోగం. విశాఖలో గాజువాక వైపు ఉన్న ఒక కర్మాగారంలో, నిర్వహణ విభాగంలో, ఇరవై ఆరేళ్లుగా పైపులకూ నిచ్చెనలకూ సముద్రపు గాలి తగిలే ప్రతి ఇనుప భాగానికీ ఎప్పుడు రంగు వేయించాలి, ఎప్పుడు తీసి కొత్తది బిగించాలి అని లెక్క చూసుకుంటూ వస్తున్నాను. అటువంటి నేను రెండేళ్ల కిందట ఒక ఆదివారం ఉదయం లాసన్స్ బే కాలనీలో ఒక మేడమీది గదిలో కింద కూర్చుని, మా నాన్నగారి పాత పంచె ముక్కలో తుప్పుపట్టిన మేకులను వరుసగా పేర్చి, చుట్టి, దారంతో బిగించి కట్టాను. అంతకు ముందే రెండు కార్యశాలలకు వెళ్లి ఉన్నాను గాని, వస్త్రకళ మీద నాకు నిజమైన ఇష్టం కలిగింది ఆ రోజునే. ఇప్పటికి తొమ్మిది కార్యశాలలు పూర్తిచేశాను. మా వృత్తిలో వర్క్‌షాప్ అంటే లేతు యంత్రాలు తిరిగే షెడ్డు కాబట్టి, వీటిని కార్యశాల అని పిలవడమే నాకు అలవాటయింది.

మొదటి దానికి నా అంతట నేను వెళ్లలేదు. మా అమ్మాయి డబ్బు కట్టిన తర్వాత కళాశాలలో పరీక్ష తేదీ మారింది. కట్టిన డబ్బు వృథా కాకూడదని ఆమె స్థానంలో నేను వెళ్లాను. అది మిశ్రమ మాధ్యమ కొలాజ్, అంటే రంగులతో పాటు కాగితం, గుడ్డ వంటివి అతికించి చిత్రం చేయడం, నేర్పే తరగతి. పదకొండు మందిలో నేనొక్కడినే మగవాడిని, వయసులో అందరికంటె పెద్దవాడిని కూడాను. నేర్పిన ఆవిడ ముందుగా పికాసో 1912లో చేసిన ఒక చిన్న చిత్రపు ప్రతిని చూపించారు. అందులో ఆయన కుర్చీ పేము అల్లికను రంగులతో గీయలేదు. పేము అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను తెచ్చి చిత్రంలో అతికించి, చుట్టూ చట్రానికి బదులు తాడు బిగించారు. తాడునూ ఆయిల్‌క్లాత్‌నూ నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. అవి రంగుతో సమానమైన హోదాతో ఒక చిత్రంలో కూర్చోగలవని మాత్రం యాభై మూడేళ్ల వయసులో తెలుసుకున్నాను.

ఆ తరగతి ఆగస్టు నెలలో జరిగింది. కాగితాన్నీ గుడ్డనూ కాన్వాసు మీద నిలబెట్టడానికి వాడే ఆక్రిలిక్ జెల్ అందులోని నీరు ఆవిరైపోతేనే గట్టిపడుతుంది. సముద్రానికి అంత దగ్గరలో, వానాకాలపు గాలిలో, ఆ నీరు ఎక్కడికీ పోదు. సీసా మీద రాసిన సమయం గడిచిపోయినా మా కాన్వాసులు అంటుకుంటూనే ఉన్నాయి. ఒక పొర ఆరకముందే దానిపై రెండో పొర వేసిన వారికి మర్నాటికి గుడ్డ కింద పాలలాంటి తెల్లటి మసక మిగిలింది. నేను మాత్రం ఉద్యోగపు అలవాటు కొద్దీ పలచగా ఒక పొర వేసి, ఫ్యాన్ కింద పెట్టి, వేలితో తాకి చూసి, అప్పుడే రెండోది వేశాను. లోహం మీద రంగు వేసేటప్పుడు మేము పాటించే నియమం కాన్వాసు మీద కూడా పనిచేయడం చూసినప్పుడు, ఆ గదిలో నేను పరాయివాడిని కానని అనిపించింది.

రెండో కార్యశాల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. నగరంలోనే మరోచోట, ఎక్కువ రుసుముతో జరిగింది. ప్రతి ఒక్కరి చేతికీ ఒక పెట్టె ఇచ్చారు. అందులో కత్తిరించి ఉంచిన గుడ్డ ముక్కలు, జిగురు, అద్దాలు, గీత గీసి ఉంచిన నెమలి బొమ్మ ఉన్నాయి. మూడు గంటల తర్వాత ఇరవై మందిమి ఇరవై ఒకే రకం నెమళ్లను పట్టుకుని ఇంటికి వెళ్లాము. ఆ గుడ్డ ఏ నూలుతో నేసిందని అడిగాను, జిగురు తేమకు తట్టుకుంటుందా అని అడిగాను. పెట్టెలో వచ్చినదే వాడాలి అన్నారు. అక్కడికి వచ్చిన వారిలో చాలామంది వారమంతా పనిచేసి, ఉన్న ఒక్క సెలవు రోజును ఆ మూడు గంటలకు ఇచ్చారు, ఇరవై ఒకే రకం నెమళ్లు ఆ సెలవుకు తగిన ప్రతిఫలం కాదని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆనాటి నుంచి ఏ కార్యశాలలో చేరే ముందైనా నేను అడిగే ప్రశ్న ఒకటే: చివరికి ఏ వస్తువు చేయిస్తారని కాదు, ఏ పదార్థం గురించి చెబుతారని.

తుప్పు తరగతికి రమ్మన్న సందేశంలో ఆ ప్రశ్నకు జవాబు ముందే ఉంది. గంజి పూర్తిగా పోయేలా ఉతికిన పాత నూలు గుడ్డ, ఇంట్లో దొరికిన తుప్పుపట్టిన ఇనుము, రబ్బరు చేతితొడుగులు, ముక్కుకు కట్టుకోవడానికి మాస్కు తెచ్చుకోమన్నారు. నాన్నగారి పంచెను ఒకసారి సబ్బుతో ఉతికి తీసుకెళ్లాను. అక్కడ నేర్పే ఆవిడ దాని మీద ఒక నీటిచుక్క వేసి చూడమన్నారు. చుక్క లోపలికి ఇంకలేదు, గుండ్రంగా పైనే నిలిచింది. ఏళ్ల తరబడి పెట్టిన గంజి ఇంకా పోగుల మధ్య ఉందని, ఆ గుడ్డకు రంగు పట్టినా మచ్చలు మచ్చలుగానే పడుతుందని చెప్పి, ఆ రోజుకు తన దగ్గరున్న ముక్క ఒకటి ఇచ్చి, నా పంచెలో సగాన్ని మాత్రం అలాగే వాడి తేడా చూడమన్నారు. నిజంగానే తేడా కనిపించింది. ఇప్పుడు ఏ గుడ్డనైనా చాకలి సోడా వేసిన నీటిలో గంటసేపు ఉడికిస్తాను. నీరు టీ రంగులోకి మారుతుంది. నీటిచుక్క వేయగానే మాయమయ్యే వరకు మళ్లీ ఉడికిస్తాను. ఈ పనికి వాడే గిన్నెలు వంటింట్లోకి వెళ్లవు, రంగు పనికి వాడిన ఏ గిన్నే మళ్లీ తిండికి వాడకూడదు.

గుడ్డ అసలు నూలేనా అన్నది ఇంకా ముందు చూసుకోవలసిన సంగతి. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల కొట్లలో కాటన్ అని ఇచ్చిన ముక్కలలో పాలిస్టర్ కలిసినవి నాకు రెండుసార్లు వచ్చాయి. అంచు నుంచి నాలుగు పోగులు లాగి అగ్గిపుల్లతో వెలిగిస్తే తెలిసిపోతుంది. పత్తి నూలు కాగితం కాలిన వాసనతో మండి మెత్తటి బూడిద అవుతుంది. పట్టు, ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేస్తాయి. పాలిస్టర్ కరిగి ముడుచుకుని చివరన గట్టి పూసలా నిలుస్తుంది. అన్నిటికంటె చక్కగా రంగు తాగిన గుడ్డ మాత్రం నాకు పొందూరులో దొరికింది. మా అమ్మ ఉండే చీపురుపల్లి దాటి సిగడాం, ఆ తర్వాత పొందూరు స్టేషన్ వస్తాయి. అక్కడ పత్తిని ఏకడానికి నేటికీ వాలుగ చేప దవడ ఎముకను వాడతారు. ఆ ఎముకకున్న సన్నని పళ్ల మధ్య పత్తి పోగులు శుభ్రపడి వరుసగా సర్దుకుంటాయి. చేత్తో వడికిన ఆ నూలు గుడ్డను నీళ్లలో ముంచగానే పీల్చుకునే తీరు చూసి తెచ్చిన మీటరు గుడ్డను చాలాకాలం కత్తిరించలేకపోయాను.

తుప్పు ముద్ర వేసే పద్ధతి చూడడానికి సులువే. వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి గుడ్డను తడిపి, ఇనుప వస్తువులను దానిమీద పేర్చి, గట్టిగా చుట్టి కట్టి, తడి ఆరకుండా, అలాగని గాలి పూర్తిగా మూసుకుపోకుండా వదులుగా ప్లాస్టిక్ సంచిలో ఒక రాత్రి ఉంచాలి. వెనిగర్‌లోని ఆమ్లం ఇనుమును కొంత కరిగిస్తుంది, ఆ ద్రవం నూలు పోగుల లోపలికి ఇంకుతుంది, గాలి తగిలేసరికి అది తిరిగి నీటిలో కరగని తుప్పుగా మారి పోగులోనే ఉండిపోతుంది. తుప్పు మరక ఎన్ని ఉతుకులకూ పోకపోవడానికి కారణం అదే. మరకను మరకగా కాక ముద్రగా చూడడం ఒక్కటే ఇక్కడ కొత్త, మిగిలినదంతా నాకు పాత పరిచయమే.

ఆ పరిచయం ఆ రోజు నలుగురికి ఉపయోగపడింది. ఒకావిడ స్టీలు చెంచాలు తెచ్చారు. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుందని, అది పైన కంటికి కనిపించని రక్షణపొర కట్టుకుంటుందని, అందువల్ల రాత్రంతా ఉంచినా గుడ్డ మీద గుర్తు పడదని చెప్పాను. మరొకరు కొత్త జి.ఐ. తీగ తెచ్చారు, దానిమీద జింకు పూత ఉన్నంతవరకు ఇనుము బయటపడదు. నేను తీసుకెళ్లిన వాటిలో నాకు ముఖ్యమైనది ఒక రేకు ముక్క. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు మా డాబా మీది షెడ్డు రేకులు ఎగిరిపోయాయి. రెండు వీధుల అవతల దొరికిన ఒక ముక్కను ఎందుకో పారేయలేదు. జింకు పూత మడతల దగ్గర ఊడిపోయి, అక్కడ మాత్రమే తుప్పు పట్టింది. మర్నాడు కట్టు విప్పితే గుడ్డ మీద రేకు ఆకారం రాలేదు. తుపాను గాలి దాన్ని ఎక్కడెక్కడ మడిచిందో ఆ మడతల గీతలు మాత్రమే వచ్చాయి, నారింజ రంగులో, ఎండిన ఆకు ఈనెల్లాగా. దాన్ని చూస్తూ చాలాసేపు మాట్లాడకుండా నిలబడిపోయాను.

ఒక విషయంలో మాత్రం నేర్పిన ఆవిడతో నాకు భేదాభిప్రాయం వచ్చింది. ముద్ర పడిన గుడ్డను ఉప్పునీటిలో నానబెడితే తుప్పు పట్టడం ఆగిపోతుందని ఆవిడ తాను నేర్చుకున్నట్టే చెప్పారు. ఉప్పు ఇనుమును ఏం చేస్తుందో చూడడానికి ఈ ఊళ్లో ఏ బాల్కనీ ఊచను చూసినా చాలు. ‘మేడమ్, ఉప్పు తుప్పును ఆపదండీ, పెంచుతుంది, మిగిలిన ఆమ్లాన్ని విరిచేయాలంటే తినే సోడా నీళ్లు వాడి చూద్దాం’ అని చెప్పాను. ఆవిడ నొచ్చుకోలేదు. ‘అయితే రెండూ చేసి చూద్దాం సార్, మీరు చెప్పింది మిగతావాళ్లకీ తెలియాలి’ అన్నారు. ఆ తర్వాతి తరగతుల నుంచి ఆవిడ సోడా నీళ్లే వాడుతున్నారు. నేర్పేవారిలో ఈ గుణం ఉన్న చోటికి నేను ఎంత దూరమైనా వెళ్తాను.

మధ్యాహ్నం ఆవిడ కరక్కాయ కషాయంలో ముంచి ఆరబెట్టిన లేత పసుపు గుడ్డను తెచ్చి, దానిమీద తుప్పు నీళ్లు ఒక చుక్క వేశారు. చుక్క పడిన చోట గుడ్డ అప్పటికప్పుడే నల్లబడింది. కరక్కాయలో వగరుకు కారణమైన టానిన్, ఇనుముతో కలిస్తే నలుపు పుడుతుంది. దుకాణంలో దొరికే అన్నభేదిని, అంటే ఇనుము లవణాన్ని, నీళ్లలో కలిపి వేసినా ఇదే జరుగుతుంది. శ్రీకాళహస్తి కలంకారీకి మూలం ఈ చర్యే. అక్కడ గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు, పాలలోని కొవ్వు వల్ల కలంతో గీసిన గీత పక్కలకు పాకదు. నలుపు కోసం ఇనుప ముక్కలనూ బెల్లాన్నీ నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెడతారు. పులిసిన బెల్లం నుంచి పుట్టే ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. అంటే మేము సీసాలో కొని తెచ్చిన వెనిగర్ చేసిన పనిని అక్కడ బెల్లం చేస్తోంది. కలంకారీ చీరల మీది నల్లటి గీతలు నేను ఎన్ని పెళ్లిళ్లలో చూసి ఉంటాను! ఆ నలుపు ఇనుమేనని, నా ఉద్యోగపు శత్రువే ఆ గీత గీసిందని ఇన్నేళ్లుగా ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

అయితే శత్రువు శత్రువే. గుడ్డలోకి చేరిన ఇనుము అక్కడితో ఆగదు. తేమ, గాలి ఉన్నంతకాలం నూలు పోగును మెల్లగా బలహీనపరుస్తూనే ఉంటుంది. వందల ఏళ్ల కిందట మన కోరమాండల్ తీరం నుంచి ఓడలలో యూరప్ చేరి, ఇప్పుడు అక్కడి మ్యూజియంలలో ఉన్న రంగుల అద్దకపు గుడ్డలలో కూడా, పటికతో పట్టించిన ఎరుపు నిలిచి ఉండగా, ఇనుముతో వేసిన నల్లటి గీతల దగ్గర గుడ్డ చిరిగి రాలిపోవడం కనిపిస్తుంది. బొమ్మకు రూపం ఇచ్చిన గీతే ముందుగా పోతుంది. ఈ సంగతి చెప్పని తుప్పు కార్యశాలలు ఉన్నాయి. మనం ఇష్టంగా చేసి గోడకు తగిలించుకున్నది పదేళ్లలో పొడి పొడి కావచ్చునని నేర్చుకునేవారికి ముందే తెలియాలి. ముద్ర కోరినంత పడగానే విప్పడం, గుడ్డమీద అంటుకున్న తుప్పు రేణువులను బ్రష్‌తో పూర్తిగా దులపడం, సోడా నీటిలో నానబెట్టి చాలాసార్లు జాడించడం, పొడిగా ఉన్న చోట భద్రపరచడం, ఇంతవరకే మన చేతిలో ఉంది. దుస్తులకు ఈ పద్ధతి నేను వాడను.

మొన్న సంక్రాంతికి మా అమ్మ చీపురుపల్లి నుంచి వచ్చినప్పుడు ఆ రేకు ముద్రల గుడ్డ బల్ల మీద ఉంది. ‘ఏటి బాబూ ఇది, నాన్న పంచె కదా, తుప్పు మరక పోదు కదా’ అంది. పోకూడదనే వేశానని, తుపానులో ఎగిరిన రేకు గుర్తులని చెప్పాను. అమ్మ గుడ్డను రెండు చేతులా పట్టుకుని వెలుతురుకేసి చూసి, వేళ్లతో మెల్లగా సాగదీసి, ‘బలం పోనాది. ఎనకాల మెత్తటి పాత సీర ఎయ్యి, బొంత కుట్టినట్టు కుట్టు, అప్పుడు ఆగుతాది’ అంది. కార్యశాలలలో పొరల గురించి నేను విన్నదంతా ఆ మాటలో ఉంది. బెంగాలు కాంతా పని గురించి, పాత చీరలను పొరలుగా పేర్చి సాదా కుట్టుతో బిగించే దాని పద్ధతి గురించి అప్పటికి రెండు తరగతులు విని వచ్చాను. అదే సూత్రంతో కుట్టిన బొంత మీద నేను పదిహేనేళ్లు పడుకున్నాను, దాన్ని కళ అనే మాటతో ఒక్కసారీ తలచుకోలేదు. గుడ్డ తన బలం కోల్పోయినప్పుడు ఆ బరువును కింది పొరకు అప్పగించడానికే ఆ దగ్గర దగ్గర కుట్లు. మా భాషలో చెప్పాలంటే అది బలహీనపడిన రేకుకు వెనుక నుంచి వేసే అతుకుపలక.

నా కుట్టు ఆమెకు నచ్చలేదు. నేను దారం బిగించి లాగుతున్నాను, బిగువు ఎక్కువైతే దారమే గుడ్డను కోస్తుంది. ముందు అంచులు కుదుర్చుకుని, పొరలను అరచేత్తో లోపలికి సర్దుకుంటూ, సూది మీద నాలుగైదు కుట్లు ఒకేసారి ఎక్కించి, ఆ తర్వాతే దారం లాగాలని చూపించింది. ఎనభై ఏళ్ల చేతులు. కళ్లజోడు పెట్టుకున్నా సూదిలో దారం నేనే ఎక్కించి ఇవ్వవలసి వచ్చింది. కాని వరుస మాత్రం గీత గీసినట్టు వెళ్లింది. మూడు రోజులలో ఆమె పదకొండు వరుసలు, నేను ఏడు కుట్టాము.

ఇప్పుడు నా ఆలోచన నార మీదికి మళ్లింది. గోగు మొక్క నుంచి తీసే నారకు ఒకప్పుడు అంతర్జాతీయ మార్కెట్లో బిమ్లీపటం జూట్ అనే పేరుండేది. మన భీమునిపట్నం రేవు పేరే ఆ నారకు వచ్చింది. కట్టలను నీళ్లలో ఊరవేసి నార ఒలవడం అమ్మకు చిన్నప్పటి నుంచి తెలిసిన పని. శిల్పి మృణాళినీ ముఖర్జీ నార తాళ్లను ముడివేసి మనిషి ఎత్తును మించిన శిల్పాలు నిర్మించారని కార్యశాలలో ఛాయాచిత్రాలు చూసినప్పుడు, ముడి మీద ముడి వేసుకుంటూ పోతే మెత్తటి నార తనంతట తాను నిలబడగలదని అర్థమైంది. చేపల రేవు దగ్గర వలలు బాగుచేసే వారి పక్కన రెండు ఆదివారాలు కూర్చుని వల ముడి నేర్చుకున్నాను. వాళ్లు చెప్పింది తరగతి కాదు, రుసుమూ లేదు. వాళ్లు పని చేసుకుంటుంటే నన్ను చూడనిచ్చారు. చేయి ఇంకా కుదరలేదు, గడి గడికీ కొలత మారిపోతోంది.

అమ్మ తిరిగి వెళ్లిన రోజు సాయంత్రం గుడ్డ విప్పి చూస్తే, పన్నెండో వరుసలో మధ్యన ఆగిన చోట సూది అలాగే గుచ్చి ఉంది. ఈ ఊరి గాలిలో ఉక్కు సూది గుడ్డలో వారం ఉంటే దాని కింద మరక పడుతుంది, అందుకే నా సూదులన్నీ తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో ఉంటాయి. సూదిని జాగ్రత్తగా తీసి తుడిచి డబ్బాలో పెట్టాను. ఆమె ఆగిన చోట గుర్తుగా ఎర్రదారం ముక్క ఒకటి కట్టి ఉంచాను. నా వరుసలు దానికి అటూ ఇటూ సాగుతున్నాయి. పన్నెండో వరుసను మాత్రం ఉగాదికి అమ్మ వచ్చే వరకు అలాగే ఉంచుతాను.